బావి తీసేసి చప్పుడు ఉంచుకున్నారు

ఎక్కడో ఒక పెద్ద దేశం ఒక చిన్న దేశం మీదికి యుద్ధానికి పోయింది. వాళ్ల దగ్గర భయంకరమైన ఆయుధాలున్నాయి, మా గూఢచారులు కనిపెట్టారు అని ప్రపంచానికంతా చెప్పి మరీ పోయింది. ఊళ్లు నేలమట్టం చేశాక వెతికితే ఏమీ దొరకలేదట. మా వీధి టీ అంగడి దగ్గర కాలేజీ పిల్లలు పేపరు చేతబట్టుకొని తెగ ఆశ్చర్యపోతున్నారు.

"అంత పెద్ద గవర్నమెంటు అట్లెట్ల అబద్ధం చెప్తాది తాతా?" అని నన్నడిగారు.

పాపం పిల్లలు. చిన్న గవర్నమెంటైతే చెప్పొచ్చు, పెద్దదైతే చెప్పకూడదు అని వీళ్లకు ఏ పుస్తకంలో రాసిచ్చారో! ఆ పనికి విమానాలు, ఉపగ్రహాలు కావాలని కూడా వాళ్లు అనుకుంటున్నారు. ఏమీ అక్కర్లేదు. మేము ఒక డొక్కు జీపు, రెండు లారీలు పెట్టుకొని అదే పని శుభ్రంగా చేశాం. ఆ జీపు తోలింది నేనే.

నేను బడికి పోలేదు. బజ్జీల పొట్లాలు విప్పి, ఆ కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే నాకు తెలిసిన ప్రతి వార్తా సగమే. మిగతా సగం నూనె. అయినా పోలీసు శాఖలో డ్రైవరుగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా చేశాను. ఈ సంగతి ఆ మూడింటిలో ఏ సర్కిలుదో చెప్పను. ఏ ఊరివాళ్లు చదివితే వాళ్లు పక్క ఊరిదని అనుకోండి. మామూలుగా అట్లాగే అనుకుంటాం కదా.

ఆంధ్ర రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలు. రాజధాని కర్నూలు డేరాల్లోంచి హైదరాబాదు మేడల్లోకి మారింది. మా జీపు మాత్రం మారలేదు. హిట్లరు కాలపు యుద్ధంలో పనిచేసి వచ్చిన బండి అది. దిగుడులో బ్రేకును నమ్ముకోవడం కన్నా గండి ఆంజనేయస్వామిని తలుచుకోవడం మేలుగా ఉండేది. జీపు డ్రైవరుకు ఒక సౌకర్యముంది. బండిలో కూర్చున్న ఆఫీసర్లు వాడికి చేతులూ కాళ్లే ఉంటాయనుకుంటారు. చెవులుంటాయని వాళ్లకు తట్టదు.

పులివెందుల రోడ్డు విడిచి లోపలికి పోతే కొండల నడుమ ఒక ఊరు. నల్లరాతి నేల. తాగేనీళ్ల కోసం ఆడవాళ్లు కొండ దాటి పోయి మోసుకురావాలి. ఎన్నికలప్పుడు ఒక పెద్దమనిషి వచ్చి, నన్ను గెలిపిస్తే బావి తవ్విస్తానన్నాడు. గెలిపించారు. ఆయన ఇంకా పెద్దమనిషి అయ్యాడు. తర్వాత బడికి శంకుస్థాపన చేయడానికి అదే ఊరికి కారులో వచ్చాడు. ఆడవాళ్లు బాటకు అడ్డంగా ఖాళీ బిందెలు పేర్చి వాటి వెనక కూర్చున్నారు. అందరికన్నా ముందు ఒక ముసలామె. ఊరంతా ఆమెను పెద్దమ్మ అంటారు. బందోబస్తు జీపుతో నేను అక్కడే ఉన్నాను.

"బావి యాడప్పా?" అంది పెద్దమ్మ.

"ప్రణాళికలో ఉందమ్మా. తప్పకుండా వస్తుంది."

"ఆ ప్లానేందో రోంత ఈ బిందెలో పొయ్యి నాయనా. తాగి చూస్తాం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఒక్కటీ లేకపోయుంటే ఏమీ జరిగేది కాదని నా నమ్మకం. కారు వెనక్కి తిరిగింది. శంకుస్థాపన రాయి డిక్కీలోంచి దిగనే లేదు.

ఊరివాళ్లు ఇక ఎవరి కోసమూ కాచుకోకుండా తామే బావి మొదలుపెట్టారు. కొంత లోతుకు పోయేసరికి రాయి తగిలింది. రాతిబావికి మందు పెట్టక తప్పదు. ఉలితో రాతిలో బెజ్జం కొట్టి, అందులో పేలుడు మందు కూరి, వత్తి అంటించి, పైకి పరుగెత్తుకొస్తారు. ఆ మందు చేసిచ్చేవాడు జమ్మలమడుగులో ఒక సాయిబు. గండి తిరణాలకూ పెళ్లిళ్లకూ బాణాసంచా చేయడం అతని వృత్తి. లైసెన్సు కూడా దానికే. బావుల మందుకు వేరే లైసెన్సు కావాలని అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. మా ఇన్‌స్పెక్టరు ఇంటి పెరట్లో బావి తవ్వినప్పుడు కూడా ఆ సాయిబు మందే వాడారు.

సాయిబు, నేను టీ స్నేహితులం. అతని ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. "ఒగటి పెళ్లికి పాయె, ఒగటి తిరణాలకు పాయె. ఉన్నెవి నావి" అనేవాడు.

శంకుస్థాపన కారు తిరిగిపోయిన కొన్నాళ్లకు మా ఇన్‌స్పెక్టరుకు పై ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. ఆయన కోస్తా మనిషి, బదిలీ మీద వచ్చినవాడు. వెంట రైటరును తీసుకుపోయాడు. రైటరంటే స్టేషనులో రిపోర్టులు రాసే హెడ్‌కానిస్టేబులు. తిరిగొచ్చేటప్పుడు జీపులో మాటలివి:

"ఆ బిందెల ఊరి మీదికి ఫోర్సు పోవాలటయ్యా."

"ఎందుకు సార్?"

"అదే మనం రాయాలి. పోవాలని పైన నిర్ణయించారు. ఎందుకు పోవాలో కిందనుంచి మనం పంపాలి."

రైటరు తల గోక్కున్నాడు. "దావకు బిందెలు అడ్డం పెట్టినారని రాద్దామా సార్?"

"బిందెల మీదికి తుపాకులు పట్టుకుపోతే జనం నవ్వరూ?"

"పోనీ... ఆడ బావికి మందు పేలుస్తాండారు సార్."

ఇన్‌స్పెక్టరు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. "పేలుస్తున్నారా?"

"బావికి సార్."

"బావి సంగతి తర్వాత. పేలుస్తున్నారా, లేదా?"

"పేలుస్తాండారు."

"ఏమోయ్ డ్రైవరూ, నువ్వెప్పుడైనా విన్నావా?"

"ఇన్నా సార్. ఆ పక్క పోయినప్పుడు బావిలో పేలుతాంటే ఇన్నా."

"రాసుకోవయ్యా. స్వతంత్ర సాక్షి కూడా దొరికాడు."

చూశారా పిల్లలూ, మర్యాద ఎట్లా పెరిగిందో! క్లచ్చు తొక్కుతున్నవాణ్ణి తొక్కుతున్నట్టే స్వతంత్ర సాక్షినయ్యాను. నా మాటలోంచి బావి తీసేసి చప్పుడు మాత్రం ఉంచుకున్నారు. బావి కూడా రాయండని అన్నాను. "నువ్వు రోడ్డు చూసి తోలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మా రైటరు నోరు తెరిస్తే మన యాస, కలం పడితే గ్రాంథికం. "సదరు గ్రామమున ప్రేలుడు పదార్థములు సేకరించుచున్నట్లు విశ్వసనీయముగా తెలియవచ్చుచున్నది" అని రాశాడు. అది పై ఆఫీసుకు పోయింది. అక్కడ 'సేకరించుచున్నట్లు' కాస్తా 'నిలువచేసినట్లు' అయింది. ఆ పై ఆఫీసులో పదార్థములు బాంబులయ్యాయి. రాజధానికి చేరేసరికి, తవ్విన గొయ్యి ఎట్లాగూ భూమిలోపలే కదా, అది భూగర్భ ఆయుధాగారమైంది. ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క ఆఫీసరు తన వంతుగా కొంచెం ఉప్పు వేశాడు. ఎవరికి వారు చిటికెడే వేశామనుకున్నారు.

అసలు తమాషా తర్వాత జరిగింది. రాజధాని నుంచి మా ఇన్‌స్పెక్టరుకు రహస్యంగా ఒక విచారణ దిగింది: మీ పరిధిలో భూగర్భ ఆయుధాగారమున్నట్లు మాకు తెలిసింది, మీరేమంటారు అని. ఇన్‌స్పెక్టరు ముఖం తెల్లబోయింది.

"చూశావటయ్యా! మనం రాసింది గోరంత. వాళ్లకు మరేదో దారిలో ఇంత పెద్ద సంగతి తెలిసింది. అంటే ఉన్నట్టే!"

ఆ గోరంత రాసింది తానేనని రైటరుకు తెలుసు. అయినా అతనికీ చెమటలు పట్టాయి. "నిజ్జంగానే ఉండాయేమో సార్. మనమేమో ఉత్తుత్తికి రాసినామనుకొంటిమి" అన్నాడు.

"మీ సమాచారము మా సమాచారముతో సరిపోలుచున్నది" అని జవాబు పంపారు. సరిపోలక ఏం చేస్తుంది, పంపిందే తిరిగొచ్చింది కాబట్టి! రాజధానిలో వాళ్లకూ ధైర్యం వచ్చింది: కింది నుంచి కూడా ధ్రువపడింది కదా. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కరు కూడా ఆ ఊరికి పోయి బావిలోకి తొంగిచూడలేదు. పోతే బావి కనిపిస్తుందని భయమేమో.

దాడికి రోజు పెట్టారు. ఆ పొద్దున్నే ముందుగా సాయిబును పట్టుకోవాలన్నారు, ఆయుధాలు దాచిన చోటు చూపించడానికి. నేనే జీపు తోలుకొని అతని ఇంటికి పోయాను. ఇంటి ముందు కూర్చుని ఏదో పెళ్లికి బాణాలు చుడుతున్నాడు.

"ఏందప్పా, టీకి జీపేసుకొని వచ్చినావే!" అన్నాడు. నా వెనక దిగిన పోలీసులను చూసి చేతిలోది కింద పెట్టాడు.

బేడీలు వేసి జీపు వెనక ఎక్కించారు. బాంబులెన్ని చేశావని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"బాంబులా? అంత ఇద్య ఉంటే పెండ్లోళ్ల వాకిట్లో అడ్వాన్సు కోసరం ఎందుకు పడుంటా సార్? బావికి మందిచ్చినా, అంతే. ఇంగొక్క రాయి అడ్డముండాదంట. అది పగిలితే నీళ్లు పడతాయి. ఈ పొద్దు మద్యానం పెడతామన్యారు. ఆ టైముకు ఆడికి పోవద్దండి సార్, రాళ్లు ఎగురుతాయి."

"విన్నావా రైటరూ? బెదిరిస్తున్నాడు. టైము కూడా చెబుతున్నాడు."

ముందు మా జీపు, వెనక రెండు లారీల సాయుధ పోలీసులు. ఊరి ముందు మిట్ట ఎక్కేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ ఇన్‌స్పెక్టరు జీపు ఆపమన్నాడు. ఊళ్లోంచి తప్పెట మోగుతోంది.

బావికి మందు అంటించే ముందు తప్పెట కొట్టుకుంటూ ఊరు చుట్టిరావాలి. అది వినగానే గొడ్లను దూరంగా తోలేస్తారు. తల్లులు పిల్లలను ఇళ్లలోకి లాక్కుంటారు. మగవాళ్లు బావి మీద ముళ్లకంప కప్పి రాతిగోడల చాటున నక్కుతారు. ఊరు ఊరంతా నోరు మూసుకొని పేలుళ్లు లెక్కపెడుతుంది. పెట్టినవన్నీ పేలితేనే లేస్తారు. ఒకటి తక్కువైందా, ఆ రోజుకు బావి దగ్గరికి ఎవరూ పోరు. వత్తి ఎక్కడో రగులుతూ ఉండొచ్చు. మా వైపు పసిపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి ఇది.

ఇన్‌స్పెక్టరు బైనాక్యులర్సు పెట్టి చూశాడు. "యుద్ధభేరి కొడుతున్నారు. జనమంతా పొజిషన్లు తీసుకున్నారు."

"సార్, అది బావికి..." అన్నాను.

"నువ్వు వాళ్ల మనిషివా?" అన్నాడు.

నేను నోరు మూసుకోలేదు, చెబుతూనే ఉన్నాను. అంతలో మొదటిది పేలింది. వెంటనే రెండోది. కంప ఎగిరింది, రాళ్లు లేచాయి. ఒక రాయి వచ్చి జీపు బానెట్ మీద పడింది. అంతే, లారీల్లోంచి పోలీసులు దూకి నేల మీద బోర్లా పడి కాల్పులు మొదలుపెట్టారు. ఎవరిని కాలుస్తున్నారో వాళ్లకే తెలీదు, ఎందుకంటే కాల్చడానికి ఎవరూ లేరు. ఒక గోడ పెచ్చులూడింది. ఒక కోడి చచ్చింది. శత్రుపక్షాన జరిగిన నష్టం అంతటితో సరి.

కాల్పులు ఆగాక గోడ చాటునుంచి పెద్దమ్మ లేచి వచ్చింది. చేతులు పైకెత్తింది కానీ లొంగిపోవడానికి కాదు.

"ఎవుర్రా నాయనా మీరు? లెక్క చెడగొట్టినారు గదరా!"

ఇన్‌స్పెక్టరు ఆమెను దాటుకొని బావి దగ్గరికి పోయాడు. సాయిబును వెంట నడిపించారు. ఇళ్లన్నీ సోదా చేశారు. గడపారలు, సుత్తెలు, జొన్నలు దొరికాయి. మిగిలింది బావి. "ఆయుధాలన్నీ దీని అడుగునే ఉంటాయి. దిగు" అని ఒక కానిస్టేబులుకు ఆర్డరేశాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, మీసాలు కూడా సరిగా రాలేదు. బూట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"దిగొద్దు నాయనా!" పెద్దమ్మ అడ్డం పోయింది. "మూడు పెట్టినాం. రెండు ఇన్నా. మూడోది పేలిందో లేదో మీ తుపాకుల మోతలో యాడ తెలుస్తాది?"

"ఆయుధాలు దాచుకోవడానికి కథలు చెబుతున్నావా?"

ఆ కానిస్టేబులు ఒకసారి ఇన్‌స్పెక్టరు వైపు, ఒకసారి బావి వైపు చూశాడు. కాలు ముందుకు వేశాడు.

"ఆ పిల్లోన్ని దించొద్దు సార్" అన్నాడు సాయిబు. "నా బేడీలు ఇప్పండి, నేను దిగుతా. పెద్దమ్మా, ఒక కడవ నీళ్లియ్యి."

"ఇదే సందని పారిపోదామనా?"

"బావిలోకి దిగి యాడికి పారిపోదును సార్?"

పోలీసులు నవ్వు ఆపుకోలేకపోయారు. బేడీలు విప్పారు. పెద్దమ్మ ఇంట్లోంచి కడవ తెచ్చింది. కొండ దాటి తెచ్చుకున్న నీళ్లవి. కడవకు తాడు కట్టి ముందే లోపలికి దించారు. అందరినీ దూరంగా పొమ్మని చెప్పి సాయిబు నిచ్చెన దిగాడు. ఇన్‌స్పెక్టరు పోయి లారీ వెనక నిలబడ్డాడు. మూడోది లేనే లేదని నమ్మిన మనిషి లారీ వెనక్కి ఎందుకు పోయాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను జీపు పక్కనే ఉన్నాను. చూడలేక బానెట్ మీద సొట్టను చేత్తో తడుముతూ నిలబడ్డాను. బావిలోంచి ఏ శబ్దమూ లేదు. పెద్దమ్మ పెదాలు కదులుతున్నాయి. దేవుడికి మొక్కుతోందో, ఇన్‌స్పెక్టరును తిడుతోందో.

చివరికి నిచ్చెన కిర్రుమంది. సాయిబు పైకి వచ్చాడు. ఒళ్లంతా దుమ్ము. తువ్వాలులో ముద్దగా తడిసిన నల్లమందు.

"వత్తి రగులుతానే ఉండె. ఆర్పినా" అని ఆ మూట ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాడు. "ఇదే సార్, మీ బాంబు."

ఇన్‌స్పెక్టరు దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తిరుపతి ప్రసాదాన్ని కూడా అంత భక్తిగా అందుకోవడం నేను చూడలేదు. వెంటనే సాయిబుకు మళ్లీ బేడీలు వేయించాడు. సాయిబు పెద్దమ్మతో ఏదో చెప్పబోతే జీపులోకి తోశారు.

ఆ రాత్రి రైటరు కలం పరుగులెత్తింది. భూగర్భ ఆయుధాగారము నుండి ప్రేలుడు పదార్థము స్వాధీనపరచుకొనబడినది. తక్కిన ఆయుధములు మన రాకను పసిగట్టి తరలించియుందురు. ఏమీ దొరకకపోవడం వాళ్ల తెలివికి రుజువైంది, దొరికిన ముద్ద మా తెలివికి రుజువైంది. కోడి సంగతి రాయలేదు.

కోర్టులో ఆ కానిస్టేబులు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. "నేను దిగబోతుంటే ఆయనే ఆపాడండి. నా బదులు ఆయన దిగాడండి." దానికి అతనికి దొరికిన బహుమతి బదిలీ. మేజిస్ట్రేటు సాయిబును అడిగాడు, బాంబులు చేశావా అని.

"లేదు సామీ. రాయి పగలడానికి మందు చేసినా."

"లైసెన్సు ఉందా?"

"బాణాలకు ఉండాది సామీ."

అంతటితో అయిపోయింది. బాంబుల మాట నిలవలేదు, లైసెన్సు మాట నిలిచింది. కొన్ని నెలలు జైలు. పైన ఎవరో అడిగితే, కోర్టులో నేరం రుజువైందని సమాధానం వచ్చిందట. ఏ నేరమని తిరిగి అడిగేంత ఓపిక ఎవరికుంది? ఇన్‌స్పెక్టరుకు ప్రమోషను వచ్చింది. ఆ చుట్టుపక్కల బావులకు మందు వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. శంకుస్థాపన పెద్దమనిషి ఒక సభలో, పెను ప్రమాదం తప్పిందన్నాడు. ఊరివాళ్లు బావిలోకి తొంగిచూసి, మందు లేనిదే ఆ రాయి పగలదని వదిలేశారు. ఆడవాళ్లు మళ్లీ కొండ దాటి నీళ్లు మోశారు.

మళ్లీ ఎండలు ముదిరాక, ప్రొద్దుటూరు బస్టాండులో సాయిబు కనిపించాడు. సోడా బండి దగ్గర నిలబడి గోలీసోడాలు కొడుతున్నాడు. నన్ను చూసి ఒకటి టప్పున కొట్టి చేతికిచ్చాడు.

"ఇప్పుడు ఇవి పేలుస్తాండా. దీనికి ఇంగా లైసెన్సు పెట్టలేదు."

"బాణాల లైసెన్సు?"

"తీసేసినారు. నేను శానా ప్రమాదమైన మనిషంట. మా ఆడమనిషి ఇన్ని నవ్వులు ఎప్పుడూ నవ్వలేదు." నా చేతిలో సోడా అయిపోయేదాకా ఆగి, "ఆ బావి ఏమాయెనప్పా?" అన్నాడు.

"అట్లనే ఉండాది. రాయి లావుగా ఉందని వదిలేసినారు."

"లావా? యాడ లావు?" సీసా కింద పెట్టాడు. "ఆ పొద్దు మందు తీసేటప్పుడు బెజ్జం అడుగుదాకా చెయ్యి పెట్టినా. నేను పోసిన నీళ్లు కాదప్పా, అడుగున రాయే సల్లగా, చెమర్చి ఉండె. నీళ్లు జానెడులో ఉండాయి. గడపారతో పొడిస్తే పడతాయి."

"ఇన్నాళ్లూ చెప్పకుంటివే!"

"ఎవురికి చెప్పల్ల? మీ సారు బాంబులు యాడుండాయని అడిగె. జడ్జీ లైసెన్సు యాడుందని అడిగె. నీళ్లు యాడుండాయని ఎవురూ అడగలే."

సెలవు దొరికిన రోజున బస్సెక్కి, రోడ్డు మీద దిగి, ఆ ఊరికి నడిచిపోయాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

"జీపోనివి కదా? ఈతూరి ఎన్ని లారీలు వస్తాండాయి?"

"ఒగన్నే వచ్చినా పెద్దమ్మా. సాయిబు మాట ఒగటి చెప్పిపోదామని."

చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూస్తూ విన్నది. చుట్టూ మగవాళ్లు చేరారు. వాళ్లలో ఒకడు నన్ను ఎగాదిగా చూసి, "పోలీసోని మాట ఎట్ల నమ్మల్లమ్మా? ముందు సాయిబును అడిగొస్తాం" అన్నాడు.

"చెయ్యి పెట్టి చూసినా అన్యాడా సాయిబు?" అని ఆమె నన్నడిగింది.

"అవును. రాయి చెమర్చిందన్యాడు."

"ఇంగేం గావాలరా? గడపారలు తియ్యండి."

మగవాళ్లు దిగారు. సాయిబు చెప్పిన చోటే నీళ్లున్నాయి.